గడ్డి ఊదే యంత్రం

గడ్డి ఊదే యంత్రం అనగా నూర్పిడి తరువాత మిగిలిన గడ్డిని, పొట్టును పంకా పుట్టించే గాలి వేగంతో గొట్టం గుండా నెట్టి, దూరంగా కుప్పగా పోసే వ్యవసాయ యంత్రం. ఇది విడి యంత్రంగా ఉండవచ్చును, లేదా నూర్పిడి యంత్రానికి వెనుకభాగంలో అమర్చిన ఒక అంగంగా ఉండవచ్చును. అమెరికాలోని గోధుమ పొలాలలో 19వ శతాబ్దం చివరి నుండి 20వ శతాబ్దం మధ్య వరకు ఇది విస్తారంగా వాడుకలో ఉండినది. తెలుగు ప్రాంతాలలో వరిగడ్డిని వాము వేయడానికి ఈ యంత్రం స్థిరపడలేదు. కాని ఇదే సూత్రంపై పనిచేసే నూర్పిడి యంత్రాలు, తూర్పార ఫ్యాన్లు, చొప్ప నరికి విసిరే యంత్రాలు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో సర్వసాధారణం.

పదజాలం

గాలికీ గడ్డికీ ఉన్న సంబంధం తెలుగు రైతుకు కొత్తది కాదు. కల్లంలో నూర్చిన ధాన్యాన్ని చేటతో ఎత్తి, గాలివాటు చూసి, పైనుండి సన్నని ధారగా క్రిందికి వదలడాన్ని తూర్పారపట్టడం లేదా తూర్పెత్తడం అంటారు. గట్టి గింజ నిలువుగా క్రింద పడుతుంది. తాలు, పొల్లు, ఊక, గడ్డినలుసులు గాలికి కొట్టుకొనిపోయి కొంత దూరంలో పడతాయి. ఒక మనిషిని నిలదీసి అతని తప్పులన్నీ విడదీసి చెప్పడాన్ని తూర్పారబట్టడం అనే వాడుక ఈ పనినుండి వచ్చినదే. సారం లేని ప్రసంగాన్ని ఊకదంపుడు అనడం కూడా ఈ కల్లం పక్కనుండి పుట్టిన మాటే.

గడ్డి విషయంలో తెలుగులో సూక్ష్మమైన భేదాలున్నాయి. కోసిన పైరును నూర్చకముందు పేర్చినది కుప్ప. నూర్చిన తరువాత గడ్డిని పేర్చినది వాము లేక వామి. వరిది గడ్డి, జొన్నది చొప్ప, కంది పెసర మినుములది పొట్టు, వేరుశనగది కట్టె. గాలితో ఊదే యంత్రాలు వీటిలో దేనికి నప్పుతాయి, దేనికి నప్పవు అన్నది తెలియాలంటే ఈ భేదాలు గుర్తుంచుకొనవలెను. పొడవుగా, చుట్టుకొనిపోయే వరిగడ్డి వేరు, పొడిగా చిట్లిపోయే కందిపొట్టు వేరు.

పనిచేసే విధానం

ఏ వస్తువైనా గాలిలో పడుతున్నప్పుడు కొంతసేపటికి ఒక స్థిర వేగానికి చేరుతుంది. దానిని అంత్యవేగం అంటారు. క్రిందినుండి అంతకన్న ఎక్కువ వేగంతో గాలి వీస్తే ఆ వస్తువు పైకి లేస్తుంది. గోధుమ గింజకు ఈ అంత్యవేగం సెకనుకు సుమారు 8 మీటర్లు. పొట్టుకు అందులో మూడోవంతు మాత్రమే. ఈ రెంటి నడుమ వేగంలో గాలిని వదిలితే పొట్టు ఎగిరిపోయి గింజ మిగులుతుంది. తూర్పారపట్టే రైతు మంచి గాలి కోసం ఎదురుచూసేది ఈ నడిమి వేగం కోసమే. గాలి చాలకపోతే తాలు కలిసిపోతుంది, మరీ ఎక్కువైతే గింజ కూడా ఎగిరిపోతుంది.

గడ్డిని గొట్టంలో నెట్టడానికి మాత్రం ఈ వేగం చాలదు. గొట్టం అడుగున గడ్డి పేరుకొనకుండా, వంపులలో చిక్కుకొనకుండా పోవాలంటే గాలి సెకనుకు 20 మీటర్లకు పైగా ఉండవలెను. ఇందుకోసం ఇనుప గుల్లలో తిరిగే రెక్కల పంకాను వాడతారు. కొన్ని రకాలలో గడ్డి పంకా రెక్కల మధ్యనుండే వెళుతుంది. అప్పుడు గాలితో పాటు రెక్కల దెబ్బ కూడా గడ్డిని విసురుతుంది. మరికొన్నిటిలో పంకా ప్రక్కన ఉండి గాలిని మాత్రం పంపుతుంది, గడ్డి తరువాత వచ్చి ఆ ప్రవాహంలో కలుస్తుంది.

పాత అమెరికన్ యంత్రాలలో గొట్టం ఒకదానిలో ఒకటి జొరబడే ముక్కలుగా ఉండేది. దానిని పొడిగించవచ్చును, కుదించవచ్చును, ప్రక్కలకు త్రిప్పవచ్చును, ఎత్తవచ్చును. చివర ఒక మూతి ఉండి, దాని వంపు మార్చినకొద్దీ గడ్డి దగ్గరగానో దూరంగానో పడేది. గొట్టం తనంతట తానే అటూ ఇటూ ఊగుతూ అర్ధచంద్రాకారంలో కుప్ప పోసే అమరిక కూడా ఉండేది.

ఈ పద్ధతిలో ప్రధానమైన లోపం శక్తి ఖర్చు. పంకా వేగాన్ని రెట్టింపు చేస్తే దానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అదే గడ్డిని పట్టీ మీద మోసుకొనిపోతే ఇందులో చిన్న భాగం శక్తి సరిపోతుంది. అయినా రైతులు గాలినే కోరుకొనడానికి కారణం పట్టీలు, గొలుసులు, పళ్ళచక్రాలు లేకపోవడం, మనిషి గడ్డిని ముట్టనవసరం లేకపోవడం.

చరిత్ర

చేతితో త్రిప్పే పంకా గల తూర్పార యంత్రం మొదట చైనాలో వాడుకలోకి వచ్చినది. హాన్ వంశ కాలపు సమాధులలో దొరికిన మట్టి నమూనాలలో ఇటువంటి యంత్రం కనిపిస్తుంది. 1313లో వాంగ్ జెన్ వ్రాసిన వ్యవసాయ గ్రంథంలోను, 1637 నాటి సాంగ్ యింగ్‌షింగ్ గ్రంథంలోను దీని బొమ్మలున్నాయి. ఐరోపాలో ఇది 18వ శతాబ్దంలో వ్యాపించినది. అదే శతాబ్దంలో, 1786 ప్రాంతంలో, స్కాట్లండుకు చెందిన ఆండ్రూ మీకల్ నూర్పిడి యంత్రాన్ని రూపొందించాడు. నూర్పిడి, తూర్పార రెండూ ఒకే పెట్టెలోకి చేరడానికి ఆ తరువాత ఎంతో కాలం పట్టలేదు.

ఆవిరి యంత్రాలు వచ్చి నూర్పిడి వేగం పెరిగిన కొద్దీ సమస్య గింజ దగ్గరనుండి గడ్డి దగ్గరకు మారినది. యంత్రం వెనుకనుండి గడ్డి ఆగకుండా వస్తూ ఉంటే దానిని లాగి పేర్చడానికి అనేకమంది కూలీలు కావలసివచ్చేవారు. ఆ దుమ్ములో నిలబడే పని కల్లంలో అన్నిటికన్న హీనమైనదిగా ఉండేది. మొదట ఏటవాలు పట్టీలతో గడ్డిని పైకి చేరవేసేవారు. 19వ శతాబ్దం చివరి పాదంలో ఇండియానాపోలిస్ నగరానికి చెందిన జేమ్స్ బుకానన్ గాలితో గడ్డి ఊదే యంత్రానికి పేటెంట్లు పొందాడు (అమెరికా అధ్యక్షుడుగా పనిచేసిన జేమ్స్ బుకానన్ వేరు). దీని హక్కులు అదే నగరంలోని ఇండియానా మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీకి చెందాయి. ఆ యంత్రం 'ఫార్మర్స్ ఫ్రెండ్', అనగా రైతునేస్తం, అనే పేరుతో ప్రసిద్ధమైనది.

ఆ కంపెనీ ఇతర నూర్పిడి యంత్రాల తయారీదారులకు తన అమరికను వాడుకొనే అనుమతి ఇచ్చి, యంత్రానికి ఇంత అని రుసుము వసూలు చేసేది. ఈ హక్కుల విలువ ఎంతగా పెరిగినదంటే, పేటెంట్లపై పెట్టిన పెట్టుబడికి రాష్ట్రం పన్ను వేయవచ్చునా అనే వివాదం అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 1903లో తీర్పు వచ్చినది. అనుమతి ఒప్పందాల గురించి జె.ఐ. కేస్ కంపెనీతో నడిచిన మరొక వ్యాజ్యం 1907లో అప్పీళ్ళ న్యాయస్థానం ముందుకు వచ్చినది. గడ్డిని ఊదే గొట్టం మీద ఇంత న్యాయపోరాటం జరగడం వింతగా తోచవచ్చును కాని, ఆ కాలంలో ఆ గొట్టం లేని నూర్పిడి యంత్రాన్ని అమ్మడం కష్టమయ్యేది.

పొలంలోనే కోసి, నూర్చి, గడ్డిని అక్కడే వదిలివేసే కంబైన్ హార్వెస్టర్లు 1930, 1940 దశకాలలో వ్యాపించిన తరువాత కల్లానికి పైరును మోసుకొనివచ్చే పని తప్పిపోయినది. దానితో గడ్డి ఊదే యంత్రం కూడా క్రమంగా కనుమరుగైనది.

భారతదేశంలో

ఉత్తర భారతదేశంలో పశువులకు గోధుమగడ్డిని పొడవుగా వేయరు, నలిపి భూసాగా చేసి వేస్తారు. హరిత విప్లవ కాలంలో పంజాబులో వ్యాపించిన గోధుమ నూర్పిడి యంత్రాలు గింజను వేరు చేయడంతో పాటు గడ్డిని కూడా భూసాగా నలిపి, పంకాతో దూరంగా ఊది కుప్ప పోసేవి. కంబైన్లు వచ్చాక భూసాకు కొరత ఏర్పడినది. దానిని తీర్చడానికి స్ట్రా రీపర్ అనే యంత్రం రూపొందినది. ట్రాక్టరు వెనుక నడిచే ఈ యంత్రం కంబైన్ విడిచిన మోళ్ళను కోసి, నలిపి, వెనుక తగిలించిన జాలీ ట్రాలీలోకి గాలితో ఊదుతుంది. గాలి జాలీ గుండా బయటికి పోయి భూసా ట్రాలీలో మిగులుతుంది. అమెరికాలో మూలపడిన గడ్డి ఊదే గొట్టం ఇక్కడ చక్రాలెక్కి పొలంలోనే తిరుగుతున్నదని చెప్పవచ్చును.

తెలుగునాట

వరి పండే కృష్ణా, గోదావరి డెల్టాలలోను, తెలంగాణ చెరువుల క్రింది ఆయకట్టులోను నూర్పిడి పద్ధతి వేరుగా ఉండేది. పనలను బల్ల మీదనో రాతి మీదనో కొట్టి గింజ రాల్చేవారు, లేదా కల్లంలో పరచి పశువులను బంతి కట్టి తొక్కించేవారు. తరువాత పశువుల స్థానంలో ట్రాక్టరు వచ్చినది. ఈ పద్ధతులలో గడ్డి పొడవు పెద్దగా చెడదు. 1970 దశకం ఆరంభంలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన నూర్పిడి యంత్రం, దాని అనుకరణలు ఆసియా దేశాలలో వ్యాపించాయి. వీటిలో గడ్డి చివరకు తిరిగే పలకల దెబ్బకు కొన్ని మీటర్ల దూరం ఎగిరి పడుతుంది. వరిగడ్డికి సంబంధించినంతవరకు గడ్డి ఊదే యంత్రానికి అన్నిటికన్న దగ్గరి బంధువు ఇదే. అయితే ఇక్కడ పని చేసేది ముఖ్యంగా పలక విసురు, గాలి కేవలం సహాయకారి.

వరిగడ్డిని యంత్రంతో ఊది వాము వేయకపోవడానికి రైతు వెనుకబాటుతనం కారణం కాదు. వాము అనేది గడ్డి కుప్ప మాత్రమే కాదు, అది ఏడాది పొడవునా వానకు తట్టుకొని నిలవవలసిన కట్టడం. క్రింద ఎత్తైన అరుగు వేసి, గడ్డిని వరుసలుగా పరచి, పైన ఇద్దరు ముగ్గురు తొక్కుతూ, మధ్యభాగం ఎప్పుడూ అంచులకన్న ఎత్తుగా ఉండేటట్లు చూస్తూ, పైకి పోయినకొద్దీ ఇరుకు చేసి కొప్పు పెడతారు. పొడవైన పోచలు బయటికి, క్రిందికి వాలి ఉండడం చేత వాన నీరు ఇంటి కప్పు మీదనుండి జారినట్లు జారిపోతుంది. వాము వేయడం తెలిసిన మనిషికి ఊరిలో ప్రత్యేకమైన గిరాకీ ఉండేది. సరిగా వేసిన వాము పైభాగం నల్లబడినా లోపలి గడ్డి పచ్చగా, సువాసనతో ఉంటుంది.

గాలితో ఊదిన కుప్పలో పోచలు నలుదిక్కులా అడ్డదిడ్డంగా పడతాయి. గడ్డి వదులుగా ఉండి నీరు లోపలికి దిగుతుంది. అమెరికాలో కూడా ఈ లోపాన్ని గుర్తించి, గడ్డిని పశువులకు దాచుకొనదలచిన వారు గొట్టం క్రింద మనుషులను నిలబెట్టి కుప్పను సరిచేయించుకొనేవారు. గడ్డి అక్కరలేని వారు కుప్పను తగులబెట్టేవారు, కొన్ని ప్రాంతాలలో ఆవిరి యంత్రానికి వంటచెరకుగా వేసేవారు. గడ్డి మిగులుగా ఉన్న చోట పుట్టిన యంత్రం అది. వేసవిలో పశువు ప్రాణం వాము మీద ఆధారపడిన చోట దాని లెక్క వేరు.

మెట్టపంటల విషయంలో మాత్రం గాలి బాగా పనికివచ్చినది. కంది, పెసర, మినుము, శనగ, సోయాచిక్కుడు నూర్చే బహుళ పంటల నూర్పిడి యంత్రాలు ట్రాక్టరు శక్తితో నడుస్తూ, పొట్టును పంకాతో ఒకవైపుకు ఊదుతాయి. ఆ వైపున టార్పాలిన్ పట్ట కట్టి పొట్టును పట్టుకొంటారు, లేదా గోడ వారగా యంత్రాన్ని నిలిపి కుప్ప పడేటట్లు చూస్తారు. గాలివాటుకు ఎదురుగా యంత్రాన్ని పెట్టిన రైతు తల నిండా పొట్టు పోసుకొంటాడు. కందికి పేరుపొందిన తాండూరు ప్రాంతంలో కందిపొట్టు గొర్రెలకు, మేకలకు, పాడి పశువులకు మంచి మేత. వానలు తక్కువైన అనంతపురం ప్రాంతంలో వేరుశనగ కట్టెదే ఆ స్థానం. కాయ వేరుచేసే యంత్రం ఊదిన వేరుశనగ ఆకు, తీగముక్కలు కరవు సంవత్సరాలలో కాయతో సమానంగా విలువైనవి.

ధాన్యం కొనుగోలు కేంద్రాలలో కనిపించే తూర్పార ఫ్యాన్లు, ప్యాడీ క్లీనర్లు కూడా ఈ కుటుంబానికి చెందినవే. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం మించరాదు, గడ్డినలుసులు, పొట్టు వంటి సేంద్రియ వ్యర్థాలు 1 శాతం మించరాదు. కంబైన్‌తో కోసిన ధాన్యంలో తాలు, గడ్డిముక్కలు ఎక్కువగా ఉంటే తూకంలో తరుగు తీయడం రైతులకు, మిల్లులకు మధ్య ప్రతి పంటకాలంలోను తగాదాకు కారణమవుతూ ఉన్నది. అందుచేత ఈ ఫ్యాన్ల ముందు వరుసలో నిలిచి ధాన్యాన్ని మరోసారి తూర్పారపట్టించుకొనడం రైతుకు తప్పనిసరి అయినది.

ప్రమాదాలు

గాలితో ఎండుగడ్డిని నడిపే చోట మూడు రకాల అపాయాలున్నాయి. మొదటిది నిప్పు. 1914లో అమెరికా వాయవ్య ప్రాంతంలోని గోధుమ పొలాలలో నూర్పిడి యంత్రాలు పెద్ద సంఖ్యలో ప్రేలిపోయాయి, తగలబడ్డాయి. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధించగా, కాటుక తెగులు సోకిన గోధుమల నల్లని పొడి గాలిలో కలిసి ఉండగా, యంత్రంలో రాపిడి వలన పుట్టిన స్థిర విద్యుత్తు రవ్వ దానిని అంటించినదని తేలినది. యంత్రం భాగాలను తీగతో భూమికి కలపడం, దుమ్మును వేరే పంకాతో పీల్చివేయడం నివారణగా సూచించబడ్డాయి. తెలుగునాట ఇటువంటి ప్రేలుడు కన్న, యంత్రం పొగగొట్టం నుండి వచ్చే నిప్పురవ్వ ప్రక్కనున్న వాముకు అంటుకొనే భయం ఎక్కువ.

రెండవది దుమ్ము. బూజుపట్టిన గడ్డినుండి లేచే సూక్ష్మబీజాలు ఊపిరితిత్తులలో చేరి రైతు ఊపిరితిత్తి అనే వ్యాధిని కలిగించగలవు. మూతికి కండువా చుట్టుకొనడం మన కల్లాలలో పాత అలవాటే కాని, అంత సన్నని దుమ్మును బట్ట ఆపలేదు.

మూడవది, మన దేశంలో అన్నిటికన్న ఎక్కువ హాని చేసినది, చేతులు నలగడం. పైరును యంత్రం నోటిలోకి త్రోసేటప్పుడు చేయి కూడా లోపలికి పోయి తెగిపోయిన ప్రమాదాలు 1970 దశకంలో ఉత్తర భారతదేశంలో ఎన్నో జరిగాయి. బాధితులలో చాలామంది కూలీలు. రాత్రివేళ నిద్రమత్తులో, చాలని వెలుతురులో చేసే పని కావడం, వదులుగా ఉన్న చీరకొంగు, పంచె అంచు చిక్కుకొనడం ముఖ్య కారణాలు. దీనిపై భారత పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల (నియంత్రణ) చట్టాన్ని చేసినది. ఒక వ్యవసాయ యంత్రం కారణంగా ఇటువంటి చట్టం రావడం అరుదు. భారత ప్రమాణాల ప్రకారం పైరును లోపలికి త్రోసే దోనె కనీసం 90 సెంటీమీటర్ల పొడవు ఉండి, అందులో కనీసం 45 సెంటీమీటర్లు పైన మూసి ఉండవలెను. మామూలు మనిషి చేయి అంత దూరం చేరదనేది ఈ కొలతల వెనుక ఆలోచన. పాత యంత్రాలను మరమ్మతు చేయించేటప్పుడు ఈ దోనెను కత్తిరించి పొట్టిగా చేయడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. పని త్వరగా అవుతుందని చేసే ఈ మార్పు మిక్కిలి ప్రమాదకరమైనది.

కోత యంత్రాల తరువాత గడ్డి

వరికోత యంత్రాలు విస్తరించినప్పటి నుండి తెలుగు రాష్ట్రాలలో కల్లాలు, వాములు రెండూ తగ్గిపోయాయి. కోత యంత్రం గడ్డిని నలిపి, ముక్కలు చేసి, తడి మడిలోనే వరుసగా వదులుతుంది. దానిపై యంత్రం చక్రాలు పోవడం వలన బురద అంటుకొంటుంది. మోళ్ళు పొడవుగా మిగిలిపోవడం వలన చేతికందే గడ్డి కూడా తగ్గుతుంది. ఈ గడ్డిని సేకరించడానికి గాలి యంత్రాలు కాక, గడ్డిని చుట్టి కట్టలు చేసే బేలర్లు ముందుకు వచ్చాయి. వదులుగా ఉన్న గడ్డి ఘనమీటరుకు కొద్ది పదుల కిలోలు మాత్రమే తూగుతుంది, కట్టగా చుడితే అంతకు కొన్ని రెట్లు తూగుతుంది. లారీలో దూరప్రాంతాలకు పంపడానికి ఈ తేడాయే ముఖ్యం. గాలితో ఊదడం గడ్డిని కదిలిస్తుందే కాని దానిని చిన్నదిగా చేయదు.

గడ్డిని సేకరించే వీలు లేనివారు పొలంలోనే తగులబెడుతున్నారు. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుండి 8 కిలోల నత్రజని, 12 నుండి 17 కిలోల పొటాషియం ఉంటాయి. కాల్చినప్పుడు నత్రజని దాదాపు పూర్తిగా పొగలో పోతుంది. గడ్డి లేక పశువులను అమ్ముకొన్న రైతు ఒక ఊరిలోను, గడ్డి అడ్డమని నిప్పు పెట్టే రైతు ప్రక్క ఊరిలోను ఉండడం ఈ మార్పులో విచారకరమైన విషయం.

వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ, ఇసుక పదార్థమైన సిలికా ఎక్కువ. దాని పోషక విలువ పెంచడానికి 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుండి 60 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి 3 వారాలు మాగవేస్తారు. పొడవు గడ్డికన్న ముక్కలు చేసిన గడ్డి ఈ పనికి అనువైనది. ఇందుకు వాడే మేత నరికే యంత్రాలలో పెద్దవాటికి కత్తుల చక్రం మీదనే విసురు పలకలుంటాయి. అవి నరికిన ముక్కలను వంపు గొట్టం ద్వారా పైకి ఊది ట్రాలీలోనో, పాతరలోనో పోస్తాయి.

హైదరాబాదులో చొప్ప వ్యాపారం

హైదరాబాదు నగరంలోను, శివార్లలోను ఉన్న పాడి పశువులకు జొన్నచొప్ప ముఖ్యమైన ఎండుమేత. దీనిని వ్యాపారులు దూరప్రాంతాల నుండి లారీలలో తెప్పించి, నరికి, తూకానికి అమ్ముతారు. పటాన్‌చెరువు వద్ద 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్‌కు, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు 2004-05లో నగరంలోని 6గురు చొప్ప వ్యాపారుల సరుకును క్రమం తప్పకుండా పరిశీలించారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, జీర్ణమయ్యే గుణంలో 5 శాతం పాయింట్ల తేడా ఉన్న చొప్పల ధరలో 25 శాతం, అంతకు మించిన తేడా ఉన్నది. రాయచూరు చొప్పగా అమ్మేది మేలురకంగా చెల్లుబాటయ్యేది. పాడి రైతులు ప్రయోగశాల లేకుండానే కంటితో చూసి, చేతితో నలిపి ఆ తేడాను కనిపెట్టగలిగారు. ఈ ఫలితం తరువాత జొన్న వంగడాల ఎంపికలో గింజ దిగుబడితో పాటు చొప్ప నాణ్యతను కూడా లెక్కలోకి తీసుకొనడానికి బలం చేకూరినది.